పదాల అర్థాలు అప్పజెప్పే పిల్లల చేత మంచి వాక్యం రాయించడం ఎలా?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. మీరు హైదరాబాదులోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు తెలుగు చెబుతున్నారు. అర్థాలు, పర్యాయపదాలు, నానార్థాలు పిల్లలు తడుముకోకుండా అప్పజెబుతున్నారు. వ్యాసం రాయమంటే మాత్రం ఆ పదాల్లో ఒక్కటీ కనిపించడం లేదు, కనిపించినా అతికించినట్టు ఉంటోంది. మంచి రచనకు ఉండవలసిన లక్షణాలను నోట్సుగా రాయించినా మార్పు రాలేదు. వారానికి ఎన్ని పదాలు నేర్పాలి, రచనను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అని మీరు అడిగారు.

నా సమాధానం ఇది. వారానికి ఐదారు పదాలు చాలు. అయితే ఏ పదాన్నీ విడిగా అర్థంతో నేర్పకండి. దానితో కలిసి వచ్చే క్రియతో, అది ఇమిడే సందర్భంతో కలిపి నేర్పండి. రచనా లక్షణాలను పాఠంగా చెప్పడం మానేసి, పిల్లలు రాసిన పేరానే తిరగరాయిస్తూ, ఒక్కోసారి ఒక్కో లక్షణాన్ని మాత్రమే పట్టించుకోండి. పదజాలానికి ఒక పీరియడు, వ్యాసానికి ఒక పీరియడు అని విడదీసినంత కాలం ఈ రెండూ పిల్లవాడి నోటుపుస్తకంలో కలవవు. ఎందుకో వివరిస్తాను.

చూడగానే గుర్తుపట్టగలిగే పదాలు వేరు, రాసేటప్పుడు తమంతట తామే కలంలోకి వచ్చే పదాలు వేరు. పరీక్షలో అర్థం రాయమని అడుగుతారు కనుక పిల్లలు అర్థం వరకే నేర్చుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. సొంతవాక్యాల అభ్యాసం ఈ లోటు తీర్చడానికే పెట్టారు గానీ, దాన్ని తప్పించుకునే ఉపాయం ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు కనిపెడతారు. ‘ఔదార్యం’ ఇస్తే ‘మా మాస్టారు ఔదార్యం గురించి చెప్పారు’ అని రాస్తారు, ‘కార్పణ్యం’ ఇస్తే ‘మా మాస్టారు కార్పణ్యం గురించి చెప్పారు’ అని రాస్తారు. రెండింటిలోనూ వ్యాకరణ దోషం లేదు, రెండింటికీ మార్కు పడుతుంది, రెండు పదాల్లో ఏదీ వారికి రాలేదు.

అందుకని నా తరగతిలో సొంతవాక్యానికి ఒక షరతు పెట్టాను. వాక్యంలో ఆ పదాన్ని వేలితో మూసి పక్కవారికి చదివి వినిపించాలి. పక్కన కూర్చున్న విద్యార్థి ఆ ఖాళీలో ఏ పదం ఉండవచ్చో దాదాపుగా ఊహించగలిగితేనే ఆ వాక్యం చెల్లుతుంది. ‘తన ఫీజు కట్టడానికి దాచుకున్న డబ్బును ఏమీ ఆలోచించకుండా మిత్రుడి వైద్యానికి ఇచ్చిన అతని ఔదార్యాన్ని ఊరంతా మెచ్చుకుంది’ అన్న వాక్యంలో ఆ పదాన్ని మూసినా ‘మంచితనం’, ‘దాతృత్వం’, ‘త్యాగం’ వంటివి తోస్తాయి. అప్పుడు ఈ నాలుగింటికీ ఉన్న తేడా ఏమిటన్న చర్చ తనంతట తానే మొదలవుతుంది. ఆ చర్చే పదజాల బోధన.

పర్యాయపదాల విషయంలో జాగ్రత్త అవసరం. నీరు, జలం, ఉదకం, సలిలం, తోయం ఒకే గీతకు ఇటూ అటూ రాసి ‘ఇవన్నీ ఒకటే’ అంటే, ‘ఆటల పీరియడు అయ్యాక సలిలం తాగాము’ అని రాసే విద్యార్థిని తప్పుపట్టే అర్హత మనకు ఉండదు. నిఘంటువులో అవి ఒకటే కావచ్చు, వాడుకలో ఒక్కోదానికి ఒక్కో తావు ఉంది. ఇంట్లో కుండలో ఉన్నవి నీళ్లు, గుడిలో దోసిట్లో పోసేది తీర్థం, ప్రభుత్వ కాగితాల్లో తాగునీరు, సాగునీరు, కాలనీ సమస్యల్లో మురుగునీరు, మనకు నల్లా బిల్లు పంపేది జలమండలి. ‘సలిలం’ పద్యంలో హాయిగా ఉంటుంది, స్టీలు గ్లాసులో ఉండదు. పర్యాయపదాలు ఇచ్చిన ప్రతిసారీ ‘ఇది ఎక్కడ వింటాం, ఎవరు అంటారు’ అన్న ప్రశ్న వేస్తే పిల్లలు ఉత్సాహంగా సమాధానాలు చెబుతారు.

ఇప్పుడు నేను అన్నింటికంటే ముఖ్యం అనుకునే విషయానికి వస్తాను. తెలుగులో నామవాచకం ఒంటరిగా రాదు, తన క్రియను వెంటబెట్టుకుని వస్తుంది. ఆకలి వేస్తుంది, చెమట పడుతుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, పిడుగు పడుతుంది, వెన్నెల కాస్తుంది, మబ్బు పడుతుంది, పువ్వు పూస్తుంది, పంట పండుతుంది. నిద్ర వచ్చిందంటే ఆవులింతలు మొదలయ్యాయని, నిద్ర పట్టిందంటే ఇక పిలిచినా పలకరని. ఈ జోడీలు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఒకప్పుడు చెప్పకుండానే వచ్చేవి. ఇప్పుడు రోజంతా ఇంగ్లీషులో చదివి, స్నేహితులతో హిందీ కలిపి మాట్లాడే పిల్లలు ‘స్నానం తీసుకున్నాను’, ‘పరీక్ష ఇచ్చాను’, ‘ఎండ వచ్చింది’ అని రాస్తున్నారు. మొదటిది ఇంగ్లీషు ప్రభావం, రెండవది హిందీ ప్రభావం. మూడవదాన్ని తప్పు అనలేము గానీ, ఎప్పుడో వాన తర్వాత మబ్బు చెదిరి ఎండ పడిన సందర్భానికి తగిన ఆ మాటను మే నెల మిట్టమధ్యాహ్నానికి వాడితే పస ఉండదు.

వాన గురించి ఒక పేరా రాయించి చూడండి. జూలైలో ఏ తరగతిలోనైనా నూటికి తొంభై వాక్యాలు ‘భారీ వర్షం కురిసింది’ అనే ఉంటాయి, ఎందుకంటే వారు వినే వార్తల్లో అదే ఉంటుంది. అప్పుడు బోర్డు మీద తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత, రాళ్లవాన అని రాసి, నిన్న కురిసింది వీటిలో ఏది అని అడగండి. జల్లు పడుతుంది, ముసురు పడుతుంది, అయితే ముసురు పట్టిందంటే ఇక రెండు మూడు రోజులు బట్టలు ఆరవని అర్థం. వాన ఆగింది అని అందరూ రాస్తారు, ‘వాన వెలిసింది’ అని రాయగల పిల్లవాడు ఒక్కడు దొరికినా ఆ రోజు పాఠం గట్టెక్కినట్టే. ఇక్కడ మీరు కొత్త పదం నేర్పుతున్నారా, రచన నేర్పుతున్నారా అంటే రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. నిన్నటి వానను గుర్తుచేసుకుని, దానికి సరిపోయే మాటను ఎంచుకోవడమే కదా రచన అంటే.

ఈ పని కోసం పిల్లల చేత ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. అందులో అర్థానికి గడి అక్కర్లేదు. పదం, దాని జోడీ, ఎక్కడ విన్నారు లేదా చదివారు, తమ వాక్యం అన్న నాలుగూ ఉంటే సరిపోతుంది. వారానికి ఐదారు పదాల్లో సగం పాఠం నుంచి మీరు ఇవ్వండి, మిగతావి వారు బయటి నుంచి తేవాలి. ఆర్టీసీ బస్సులో, కూరగాయల బండి దగ్గర, నాయనమ్మ ఫోను మాటల్లో వినిపించినవి తెస్తారు. మొదట్లో ఇది గోలగా ఉంటుంది, ఓపిక పట్టండి.

పాఠంలోంచి ఏ పదాలు ఎంచుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. అందరికీ తెలిసిన రోజువారీ మాటలు నేర్పనక్కర్లేదు. ‘కిరణజన్య సంయోగక్రియ’ వంటివి ఆయా సబ్జెక్టుల టీచర్లు చూసుకుంటారు. మధ్యలో ఒక వర్గం ఉంది: ప్రభావం, పర్యవసానం, నేపథ్యం, సందర్భం, అంచనా, ప్రత్యామ్నాయం, పోల్చడం, ఆపాదించడం. ఏ సబ్జెక్టులోనైనా, ఏ వార్తలోనైనా ఇవి ఎదురవుతాయి. మీ శ్రమ ఎక్కువగా వీటి మీద పెట్టండి.

వీటిని నేర్పడానికి నేను మూసీ వరదను వాడతాను. పిల్లలకు నాలుగు వాస్తవాలు మాత్రం ఇస్తాను: 1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చి నగరం తీవ్రంగా నష్టపోయింది. ఆ తర్వాత వరద నివారణ మార్గాలు సూచించడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద కట్టిన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు జలాశయాలూ చాలాకాలం నగరానికి తాగునీరు ఇచ్చాయి. ఈ నాలుగింటినీ కలిపి ఒక పేరా రాయాలి, అందులో ‘నేపథ్యం’, ‘పర్యవసానం’, ‘ప్రయోజనం’ అన్న మూడు మాటలూ సరైన చోట పడాలి. వరదకు పర్యవసానం జలాశయమా, లేక నష్టమా అన్న దగ్గర తరగతి రెండుగా చీలుతుంది. కారణకార్య సంబంధం అంటే ఏమిటో నిర్వచనంతో చెప్పడం కంటే ఈ వాదన బాగా చెబుతుంది. పైగా రాసేది ఏమిటన్న బెంగ లేకపోవడం వల్ల పిల్లలు దృష్టంతా వాక్యాల మీదే పెడతారు.

పదకుటుంబాలు కూడా పనికివస్తాయి. ఆహారం, విహారం, సంహారం, పరిహారం వరుసగా రాస్తే ఉపసర్గ చేసే పని కళ్లకు కడుతుంది. కలిమి, లేమి, బలిమి, చెలిమి అంటే అచ్చతెలుగు ప్రత్యయం పని చేసే తీరు తెలుస్తుంది. ప్రకృతి-వికృతుల పట్టికలు మాత్రం పరీక్షకు కావలసినంత వరకే చాలు, రెండు రూపాలూ వాడుకలో ఉన్నవాటి మీదే, అంటే సముద్రం-సంద్రం, రాత్రి-రాతిరి వంటి వాటి మీదే కాసేపు ఆగండి.

ఇక రచన సంగతి. స్పష్టత, సరళత, ఔచిత్యం, సంక్షిప్తత అని వరుసగా రాయించడం వల్ల పిల్లలకు నాలుగు కొత్త పదాలు వస్తాయేమో గానీ, వారి రచనకు ఆ గుణాలు అంటవు. నా అనుభవంలో మొదట పట్టుకోవలసిన లక్షణం ఒక్కటే: నిర్దిష్టత. అది వస్తే మిగతావాటిలో సగం దాని వెంటే వస్తాయి. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి బతుకమ్మ గురించి రాసిన మొదటి ప్రతి దాదాపు ఇలా ఉంది:

‘బతుకమ్మ మన రాష్ట్రంలో ఎంతో ఘనంగా జరుపుకునే పండుగ. స్త్రీలు రంగురంగుల పూలతో బతుకమ్మను పేర్చి ఆనందంగా ఆడిపాడతారు.’

దీనిలో తప్పు లేదు, రాష్ట్రంలో ఎవరైనా రాయగలిగినదే. ‘బాగా రాయి’ అని చెబితే ఆమె ‘ఎంతో’ను ‘ఎంతెంతో’ చేసేది. నేను ప్రశ్నలు మాత్రమే అడిగాను: ఏ పూలు? ఎక్కడి నుంచి తెచ్చారు? నువ్వేం చేశావు? ఏదైనా చెడిపోయిందా? రెండవ ప్రతి ఇలా వచ్చింది:

‘పెత్రమాసకు ముందురోజే నాన్న గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తంగేడు, గునుగు, బంతిపూలు తెచ్చాడు. గునుగు తెల్లగా ఉంటుంది కనుక అమ్మ ఒక కట్టను ఎర్రరంగు నీళ్లలో ముంచి ఆరబెట్టింది. తాంబాళంలో నేను పేర్చిన రెండో వరుస ఒక పక్కకు ఒరిగితే నాయనమ్మ మొత్తం విప్పి మళ్లీ పేర్చింది.’

గమనించండి, ‘ఘనంగా’, ‘ఆనందంగా’ అన్న మాటలను నేను కొట్టివేయలేదు, చోటు లేక అవే వెళ్లిపోయాయి. కట్ట, తాంబాళం, ఒరగడం అన్న మాటలు నేను ఇవ్వలేదు. ‘వంకరగా అయింది’ అని రాయబోయి, ఇంటికి వెళ్లి నాయనమ్మను అడిగి ‘ఒరిగింది’ తెచ్చుకుంది. అలా అవసరం పడి వెతుక్కున్న పదం మళ్లీ జారిపోదు. మనం అడగవలసిన ప్రశ్నలు ఈ అవసరాన్ని పుట్టించేవిగా ఉండాలి.

వ్యాసాంశాలను ఎంచుకోవడంలోనూ ఇదే చూడాలి. ‘పర్యావరణ పరిరక్షణ’ ఇస్తే గైడులోని ‘నేటి ఆధునిక యుగంలో’ అన్న వాక్యమే వస్తుంది. ‘మీ వీధిలోకి చెత్త ఆటో వచ్చే సమయం’ ఇస్తే గైడులో దొరకదు కనుక సొంతంగా చూడవలసి వస్తుంది. అదే రాసిన పిల్లలు తర్వాత పరీక్షలో పర్యావరణం గురించి అడిగినా ఒక్క ఉదాహరణైనా చూపగలుగుతారు.

రెండవది వాక్యం. విహారయాత్ర గురించి ప్రతి ఏడూ వచ్చే వాక్యం మీకూ తెలిసే ఉంటుంది: ‘మేము బస్సు ఎక్కి గోల్కొండలో దిగి టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లి ఫోటోలు తీసుకుని భోజనం చేసి ఇంటికి వచ్చాము.’ మన భాషలో ఈ గొలుసు ఎంత దూరమైనా సాగుతుంది, అదే చిక్కు. ఏడు పనులకూ ఒకే బరువు పడుతుంది. సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలను మనం వ్యాకరణంలో చెప్పి మార్కులు వేసి వదిలేస్తాం, అవి అక్కరకొచ్చేది ఇక్కడే. ముఖ్యమైన పని ఏదో ఎంచుకుని దానికి సామాన్య వాక్యం ఇవ్వమనండి: ‘ఫతే దర్వాజా దగ్గర మేము చప్పట్లు కొట్టాము. పైన బాలాహిస్సార్ దగ్గర నిలబడిన మా మిత్రులకు అది వినిపించింది.’ బస్సు, టికెట్లు అన్నీ కలిపి ఒక సంక్లిష్ట వాక్యంలో సర్దవచ్చు, లేదా వదిలేయవచ్చు. వదిలేయవచ్చని చెబితే పిల్లలు నమ్మరు, రెండు మూడుసార్లు చెప్పవలసి ఉంటుంది.

దీనితోపాటు ‘యొక్క’, ‘మరియు’, ‘-బడింది’ అనే మూడింటి మీద ఒక కన్ను వేసి ఉంచండి. ‘మా పాఠశాల యొక్క గోడలు మరియు తలుపులు రంగు వేయబడ్డాయి’ అన్నది పదాలు తెలుగువే అయినా తెలుగు నడక కాదు. ‘మా బడి గోడలకు, తలుపులకు రంగు వేశారు’ అంటే చాలు. రాసినదాన్ని పైకి చదివిస్తే ఈ దోషాలను పిల్లలే పట్టుకుంటారు, ఎందుకంటే చెవికి అవి ముందు తగులుతాయి.

దిద్దడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. అన్ని తప్పులకూ ఎర్ర సిరా పెడితే విద్యార్థి మార్కు మాత్రమే చూస్తాడు. ఈ వారం నిర్దిష్టత అనుకుంటే అక్షరదోషాలను కూడా చూసీచూడనట్టు వదిలి, ఎక్కడ వివరం కావాలో అక్కడ ఒక ప్రశ్న మాత్రం రాయండి, మార్కు తిరగరాసిన ప్రతికే ఇవ్వండి. పెద్ద తరగతి అయితే వారానికి పది పుస్తకాల చొప్పున వంతులు పెట్టుకోండి. ఈ పద్ధతి తల్లిదండ్రులకు వెంటనే నచ్చదు, దిద్దని తప్పు కనిపిస్తే టీచరు చూడలేదనుకుంటారు. పుస్తకం మొదటి పేజీలోనే ఈ నెల ఏది చూస్తున్నారో రాయించడం మంచిది.

ఇంటి మాటల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ‘తొవ్వ’, ‘యాది’, ‘మక్కలు’ అని రాసిన పిల్లవాడి పుస్తకంలో వాటి చుట్టూ సున్నా చుట్టడం నేను ఒప్పుకోను. కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా బడిలో జరిపి, మరునాడు అదే మాటను తప్పుగా దిద్దడం పొసగదు. కథలో, సంభాషణలో, అనుభవం చెప్పేటప్పుడు అవి ఉండవలసిన మాటలే. ప్రధానోపాధ్యాయునికి రాసే లేఖలో ‘దారి’ అని, అమ్మమ్మ మాటల్లో ‘తొవ్వ’ అని ఎంచుకోగలగడం ఒక నైపుణ్యం. ఆ ఎంపికను నేర్పాలంటే రెండు మాటలూ బతికి ఉండాలి.

నిఘంటువుల గురించి ఒక మాట. ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు, మీ సన్నాహానికి అది చాలా ఉపయోగం. పిల్లలకు నేరుగా ఇస్తే పాత కావ్యప్రయోగాలన్నీ వరుసగా కనిపించి, అన్నింటికంటే గంభీరంగా ఉన్నదాన్ని ఎత్తి రాస్తారు, అక్కడ మీ తోడు అవసరం. నిఘంటువు కంటే చదవడం మేలు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో స్థాపించిన సుల్తాన్‌బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మనకు అందుబాటులోనే ఉన్నాయి. అంత దూరం తీసుకెళ్లడం కుదరకపోతే, పీరియడు మొదట్లో పది నిమిషాలు మీరే ఏదైనా కథ పైకి చదవండి. ప్రశ్నలు అడగకుండా చదవండి, అడిగితే అదీ పాఠమైపోతుంది.

చివరగా, మీ తరగతిలో ఇంట్లో తెలుగు లేని పిల్లలు తప్పక ఉంటారు. 2018లో రాష్ట్రం చేసిన చట్టంతో అన్ని రకాల పాఠశాలల్లోనూ తెలుగు దశలవారీగా తప్పనిసరి అయినప్పటి నుంచి వీరి సంఖ్య పెరిగింది. వారికి వారానికి మూడు పదాలు చాలు, వాటిలో నామవాచకం-క్రియ జోడీలే ముందు ఇవ్వండి. ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చినవారికి జవాబు, హాజరు, దుకాణం, ఖర్చు, హుషారు వంటి మాటలు అప్పటికే తెలుసు. మొదటి వారం అలాంటివాటితోనే ఒక పేరా రాయిస్తే తెలుగు తమకు పూర్తిగా పరాయిది కాదని ధైర్యం వస్తుంది. నా దగ్గర చదివిన పాతబస్తీ అబ్బాయి ఒకడు వాళ్ల నాన్న దుకాణం గురించి రాసిన అరపేజీలో తక్కెడ, గల్లా, బాకీ, చిల్లర అన్నీ సరైన క్రియలతో వచ్చాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే వారిలో కొందరు ఆ నాలుగు పదాలనూ అతని దగ్గరే నేర్చుకున్నారు.

ఫలితం ఒక నెలలో కనిపించదు. ఇప్పుడు ఒక పేరా రాయించి దాచి ఉంచండి, దసరా సెలవుల తర్వాత అదే అంశం మళ్లీ రాయించి, రెండు కాగితాలూ పిల్లల చేతికే ఇచ్చి తేడాలు గీత గీయమనండి. మీకు వారానికి తెలుగు పీరియడ్లు ఎన్ని, తరగతిలో ఎంతమంది అన్నది చెబితే, వారంవారీ ప్రణాళిక ఎలా వేసుకోవచ్చో కింద రాస్తాను.